మా నాయన రాసిన యాభై డిగ్రీలు

మే నెల వచ్చిందంటే మా కర్నూలుకూ కడపకూ మధ్య ఒక పోటీ మొదలవుతుంది. దానికి కప్పు లేదు, దండ లేదు, గెలిచిన వాళ్లకు చెమట తప్ప దక్కేదేమీ లేదు. సాయంత్రం టీవీ వార్తల్లో ఏ ఊళ్లో ఎన్ని డిగ్రీలు కాసిందో వరసగా చదువుతారు కదా, అందులో ఎవరి ఊరి పేరు ముందు వస్తే ఆ రోజుకు వాళ్లు గెలిచినట్టు. నా భార్యది కడప. కడప పేరు ముందు వచ్చిన రోజు ఆమె మజ్జిగ గ్లాసు నా ముందు కొంచెం గట్టిగా పెడుతుంది, అంతే. మిగతాది ఆమె తమ్ముడు చూసుకుంటాడు. వార్తలు అయిపోకముందే ఫోను చేస్తాడు.

“బావా, చూసినావా? ఈ పొద్దు మీరు రెండో నంబరు.”

“మాకు మధ్యాహ్నం మబ్బు పట్టినాదిలే. లేకుంటే మీరు యాడుండేవాళ్లు!” అంటాను నేను, పరీక్ష రోజు జ్వరం వచ్చిన పిల్లవాడిలా.

“మబ్బు పట్టినాదని నువ్వే చెప్తాండావు. ఒప్పుకో బావా, ఒప్పుకుంటే చల్లగుంటాది.”

అతను మంగంపేటలో ముగ్గురాయి లారీ తోలుతాడు. మిట్టమధ్యాహ్నం ముగ్గురాయి గనిలో దిగి ఎక్కేవాడికి ఎండ గురించి మాట్లాడే హక్కుంటుంది కాబట్టి నేను ఎక్కువ వాదించను. పైగా నాది కూలర్లు బాగుచేసే పని. రెండు ఊళ్లలో ఏది గెలిచినా నా గిరాకీకి లోటు లేదు.

చదువు సంగతి అడుగుతారేమో, ముందే చెప్పేస్తాను. ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒంటిపూట బడుల రోజుల్లో, లెక్కల సారు నన్ను బయట ఎండలో నిలబడమన్నాడు. నిలబడ్డాను. లోపలికి రమ్మని పిలవడం ఆయన మరిచిపోయాడు, నేను గుర్తు చేయలేదు. అప్పటి నుంచి బయటే ఉన్నాను. అంకెలకూ నాకూ పడదని మా వాళ్లందరికీ తెలుసు. అలాంటివాణ్ణి నిరుటి ఎండాకాలం నుంచి ఈ ఎండాకాలం దాకా ఒకే ఒక్క అంకె వెంటపడి తిరిగాను. అది మా నాయన క్యాలెండర్లో రాసిపెట్టి పోయిన యాభై.

మా నాయన బండలు పరిచే మేస్త్రీ. రెండు బండల మధ్య నూలు సందు ఎక్కువైతే అన్నం సహించని మనిషి. ఒకసారి ఒక డాక్టరు ఆసుపత్రికి నేల పరిస్తే, ఆ పనితనం చూసి మురిసిపోయి, మందుల కంపెనీ వాళ్లు తనకిచ్చిన ఒక ఉష్ణమాపకాన్ని ఆ డాక్టరు మా నాయనకిచ్చాడట. జానెడు చెక్క, మధ్యలో సన్నటి గాజు గొట్టం, అందులో ఎర్ర నీళ్లు, పక్కన గీతలు. పైన యాభైతో గీతలు ఆఖరు. కింద సున్నా, సున్నాకు దిగువ ఇంకో నాలుగు గీతలు. కర్నూల్లో ఆ నాలుగు గీతలకూ పనేమిటో మాకు ఏనాడూ అర్థం కాలేదు. నీడలో తగిలించుకోమని డాక్టరు చెప్పాడు గనక నాయన దాన్ని వసారాలో, ఎండ పడని గోడకు, నీళ్ల కడవ పైన మేకు కొట్టి తగిలించాడు.

ఎండాకాలం పది దాటితే బండ ముట్టుకోలేరు. అందుకని నాయన చీకటితోనే పనికి పోయి పదకొండుకు ఇల్లు చేరేవాడు. తిని, ఒక కునుకు తీసి, రెండింటికి లేచి, ఎర్ర నీళ్లు ఎంత దాకా ఎక్కాయో చూసి, గోడ క్యాలెండర్లో ఆ తారీఖు గడిలో పెన్సిలుతో రాసేవాడు. నలభై ఒకటి. నలభై రెండు. నలభై రెండున్నర. ఎందుకు రాస్తున్నావని అడిగితే, “ఇచ్చినాడు కదా, ఊరికే ఉంచేదెందుకు?” అనేవాడట. అదే గడిలో అమ్మ గుర్తులు కూడా ఉండేవి. పాలు రాని రోజుకు సున్నా, రేషను కిరోసిన్ తెచ్చిన రోజుకు ఒక చుక్క. ఏడాది తిరిగేసరికి ఆ క్యాలెండర్లు అలమార అరల్లోకీ, నా పుస్తకాల అట్టల్లోకీ పోయేవి. నా లెక్కల పుస్తకానికి వేసిన అట్ట మీద మా నాయన రాసిన అంకెలు ఉండేవి. లోపలి అంకెల కంటే అవే నాకు బాగా అర్థమయ్యేవి.

ఒక్క కాగితం మాత్రం అట్ట కాలేదు. నేను పుట్టిన మరుసటి ఎండాకాలం నాటి మే నెల అది. అమ్మ ట్రంకు పెట్టెలో పట్టు చీర కింద నాలుగు మడతలు పెట్టి ఉంటుంది. అందులో ఒక గురువారం గడిలో యాభై. పెన్సిలు రెండుసార్లు దిద్ది రాసిన యాభై.

ఆ రోజు కథ మా వీధిలో వినని వాళ్లు లేరు. ఓర్వకల్లు దగ్గర పుట్టింటి నుంచి అమ్మ నన్ను చంకనేసుకొని బస్సులో వస్తోంది. నాకు అప్పుడు ఆరు నెలలు, ఒళ్లు కాలిపోతోంది. దారిలో బస్సు పొగలు కక్కి నిలబడింది. అందరూ తుమ్మచెట్టు కింద కూర్చుంటే అమ్మ కూర్చోలేదు. బిడ్డను డాక్టరుకు చూపించాలని, తడి గుడ్డ నా నెత్తిన కప్పి, మిట్టమధ్యాహ్నం నడిచి వచ్చింది.

“యాభై డిగ్రీలప్పా! నేను చెప్తే నమ్మొద్దు. రాసింది ఆయన,” అని కాగితం విప్పి చూపిస్తుంది. చూసినవాళ్లు అవాక్కయిపోతారు. నేను కూడా చాలా ఏళ్లు అవాక్కయిన వాళ్లలోనే ఉన్నాను. చంకలో ఉన్నది నేనే కాబట్టి కొంత గొప్ప నాకూ దక్కేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నిరుడు మే నెలలో అమ్మ మిద్దె మీద పడిపోయింది. సండిగలు ఎండబెట్టడానికి ఎక్కింది. కోస్తా వాళ్లు వడియాలంటారే, అవే. పన్నెండింటికి వాటిని తిరగేయడానికి మళ్లీ ఎక్కి, కళ్లు తిరిగి, సండిగల మీదే కూర్చుండిపోయింది. పక్కింటామె చూసి కేక వేయకపోతే ఏమయ్యేదో. వయసు డెబ్బైకి దగ్గర పడుతోంది. పదకొండు నుంచి నాలుగు దాకా నీడ దాటకూడదని, ఈసారి పడితే లేవడం కష్టమని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నేను ఇంటికొచ్చి గట్టిగా చెప్పాను. ఆమె నవ్వింది.

“ఇదొక ఎండారా? ఆ పొద్దు కాసిన ఎండ కంటే ఒక్క గీత ఎక్కువ కాసిన దినం చెప్పు. ఆ దినం నేను నీ కూలరు ముందర కూర్చుంటా.”

మాట ఇస్తే తప్పే మనిషి కాదు. కానీ ఆమెను ఇంట్లో కూర్చోబెట్టాలంటే కర్నూల్లో యాభై ఒకటి కాయాలి! కొడుకు అమ్మ కోసం ఏమైనా కోరుకోవచ్చు గానీ, ఊరు ఊరంతా మాడిపోవాలని కోరుకోలేడు కదా. అప్పుడే నాకు ఆ యాభై మీద అనుమానం పుట్టింది. అసలు ఆ గురువారం అంత కాసిందా?

ముందు ఫోనులో వెతికాను. పాత ఎండల లెక్కలు ఊరి పేరుతో, తారీఖు పేరుతో ఫోనులో దొరుకుతాయని నాకు అప్పటి దాకా తెలియదు. కర్నూలు, మే నెల అని కొడితే ఏళ్ల తరబడి వరసలు వచ్చాయి. ఎంత కిందికి జరిపినా యాభై ఎక్కడా కనిపించలేదు. ఫోను తీసుకుపోయి అమ్మ ముందు పెట్టాను.

“దీంట్లో యాభై లేదు కదమ్మా.”

“అది యాడుంటాది దినమంతా?”

“ఏది?”

“ఫోను.”

“నా జేబులో.”

“నీ జేబులో నీడన ఉండేదానికి బయటి ఎండ ఏం తెలుస్తాదిరా?”

ఎనిమిదో తరగతి దాకా చదివిన నేను ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఇంకో నాలుగేళ్లు చదివినా అదే చేసేవాణ్ణి.

తర్వాత కొన్నాళ్లకు ఊరి బయట పంటల మీద పరిశోధనలు చేసే ఒక చోట నుంచి కూలరు బాగుచేయడానికి పిలిచారు. గడ్డి మారుస్తుంటే కిటికీలోంచి ఒక వింత కనిపించింది. ఖాళీ స్థలం మధ్యలో, నాలుగు కాళ్ల మీద, నా ఛాతీ ఎత్తులో ఒక తెల్ల పెట్టె. చుట్టూ కిటికీ రెక్కల్లాంటి చెక్కలు.

“సార్, కోళ్లు ఎన్ని పెంచుతాండారు?” అని అక్కడున్న పెద్దాయనను అడిగాను. రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి, నెమ్మదైనవాడు.

“కోళ్లగూడు కాదప్పా. దాంట్లోనే ఊరి వేడి కొలిచేది. రా, చూద్దువు.”

తలుపు తెరిచి చూపించాడు. లోపల ఉష్ణమాపకాలు, మా నాయన దానికి పెద్దన్నల్లాంటివి. పెట్టెకు పై కప్పు, చుట్టూ చెక్కలు, ఎండ చుక్క కూడా లోపలికి రాదు. నాకు నవ్వొచ్చింది.

“ఎండ కొలిచేదాన్ని నీడలో పెట్టినారా సార్?”

“మేం కొలిచేది గాలిని. దీన్ని తీస్కపోయి ఎండలో పెట్టినావనుకో, అది కాలి, దాని వేడి అది చెప్తాది. ఊరి వేడి చెప్పదు.”

మా నాయన వసారా గోడ గుర్తొచ్చింది. ఎండ పడని గోడ. అంటే నాయన సరిగ్గానే పెట్టాడు. నాకు ఉత్సాహం పట్టలేక, ఫోనులో దాచుకున్న ఆ క్యాలెండరు కాగితం ఫోటో చూపించి సంగతంతా చెప్పాను. ఆయనకు కూడా కుతూహలం కలిగింది. కూలరు తిరగడం మొదలు పెట్టగానే ఆయన బీరువా తెరిచాడు. అట్టలు ఊడిన రిజిస్టర్లు, పురుగులు కొట్టిన అంచులు. ఒక్కో ఏడాదిలో రెండు మూడు చేతిరాతలు. ఒకడిది గుండ్రంగా, ఒకడిది చీమలు పాకినట్టు. ఆదివారాలు కూడా ఖాళీ లేవు, పండగలు కూడా లేవు. ప్రతిరోజూ ఎవరో ఒకరు ఆ పెట్టె దాకా నడిచి పోయి చూసి వచ్చి రాశారు. ఇన్నేళ్లూ ఎవరూ అడగరని తెలిసి కూడా రాశారు. ఆ పేజీలు తిప్పుతుంటే మా నాయన ఒక్కడే కాడని నాకు చెప్పలేనంత తృప్తి కలిగింది.

ఆ మే నెల దొరికింది. ఆయన రిజిస్టరు చదువుతుంటే నేను ఫోటో చదివాను. ఒకటో తారీఖు, అర డిగ్రీ తేడా. రెండు, సరిసమానం. మూడు, మళ్లీ అర డిగ్రీ.

“మీ నాయన గట్టివాడప్పా,” అన్నాడు ఆయన కళ్లద్దాలు సర్దుకొని.

అలా వచ్చి వచ్చి ఆ గురువారం దగ్గర ఆగాం. ఆయన ఒకసారి చదివి, నా మొహం చూసి, మళ్లీ చదివాడు. ఆ అంకె ఇక్కడ రాయను. ఇది ఎవరైనా మా అమ్మకు చదివి వినిపించారంటే నాకు ఆ పూట అన్నం బంద్. ఒక్కటి మాత్రం చెప్తాను. యాభై దరిదాపుల్లో లేదు. అంతేకాదు, ముందు రోజు బుధవారం అంతకంటే ఎక్కువ, తర్వాత రోజు శుక్రవారం కూడా అంతకంటే ఎక్కువ! మా అమ్మ నడిచింది ఆ వారంలో కొంచెం మెత్తబడిన రోజున.

“యాభైకి పోయి చెడిపోయింటాది,” అన్నాడు ఆయన ఫోటో పెద్దది చేసి. “చూడు, ఆ గురువారం తర్వాత తొమ్మిది దినాలు ఏమీ రాయల్యా. గళ్లు ఖాళీ.”

నిజమే. ఇన్నేళ్లుగా అందరూ యాభైనే చూశారు గానీ, దాని పక్కన తొమ్మిది గళ్లు ఖాళీగా ఉన్నాయని నాతో సహా ఎవరూ చూడలేదు. కానీ పదో రోజు నుంచి నాయన మళ్లీ రాశాడు. అవి రిజిస్టరుతో మళ్లీ అర డిగ్రీ లోపల కలిశాయి. చెడిపోయింది దానంతట అది బాగుపడుతుందా? కూలర్లే బాగుపడవు, నాకు తెలుసు.

నూలు తేడాకు బండ పీకి మళ్లీ పరిచే మనిషి అన్ని డిగ్రీలు తప్పు ఎలా రాశాడు? ఆ ప్రశ్న ఏడాదంతా నాతోనే తిరిగింది. ఎవరి ఇంట్లోనో కూలరు మోటారు విప్పుతూ ఉన్నట్టుండి ఆగిపోయేవాణ్ణి. ఫోనులో బావమరిదికి చెప్తే క్షణం ఆలోచించకుండా తేల్చేశాడు.

“మీ నాయన మీ అమ్మను మెప్పించేదానికి రాసినాడు బావా. నువ్వు మా అక్క కోసం ఎప్పుడన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ రాసినావా?”

“మీ అక్క ఉన్న ఇంట్లో రాయాల్సిన పనిలేదు, అదే ఎక్కుతుంది,” అన్నాను. స్పీకరు ఆన్‌లో ఉందని చూసుకోలేదు. ఆ రోజు మజ్జిగ రాలేదు.

రిజిస్టరు సంగతి అమ్మకు చెప్పేయొచ్చు. చెప్తే పందెం నాదే. ఈ ఎండాకాలంలో ఆ గురువారాన్ని దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేకంటే ఎక్కువే. కానీ ట్రంకు పెట్టె లోంచి ఆమె ఆ కాగితం తీసే తీరు చూసినవాళ్లు ఎవరూ చెప్పలేరు. నాయన అబద్ధం రాశాడని చెప్పి ఆమెను నీడలో కూర్చోబెడితే, ఆ నీడలో ఆమె ఎలా కూర్చుంటుంది?

ఈ మే నెల చివరి వారంలో అనుకున్నంతా అయింది. అమ్మకు మళ్లీ కళ్లు తిరిగాయి. ఈసారి మిద్దె మెట్ల మీద. అదృష్టం కొద్దీ నా భార్య వెనకే ఉండి పట్టుకుంది. సెలైన్ ఎక్కించుకొని ఇంటికొచ్చి రెండు రోజులు మంచం మీద ఉంది. మూడో రోజు పొద్దున్నే మొదలు పెట్టింది.

“మిద్దె మీద ఊరమిరపకాయలు ఏమైనాయో ఏమో.”

“నేను చూస్తాలే అత్తా,” అంది నా భార్య.

“నువ్వు చూస్తే ఎండుతాయా? తిప్పల్ల. నేను ఒక్కసారి పోయి తిప్పి వస్తా.”

నేను వాకిట్లో మంచం అడ్డం వేసుకొని కూర్చున్నాను. పనికి పోకుండా ఎన్ని రోజులు కాపలా కాయగలను? మే నెలలో కూలరు మెకానిక్కు ఇంట్లో కూర్చున్నాడంటే ఊళ్లో సగం మంది శాపాలు వాడికే. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అందుకే తొందరపడకుండా నా వైపు చూస్తూ పడుకుంది.

ఆ మధ్యాహ్నమే బావమరిది దిగాడు. అత్తకు బాగాలేదని తెలిసి రాజంపేట మామిడిపండ్ల బుట్ట నెత్తిన పెట్టుకొని వచ్చాడు. ఇంటి ముందు చెప్పులు విడిచి మెట్టు ఎక్కాడు. ఎక్కాడనడం తప్పు. కాలు పెట్టాడు, “యమ్మో!” అని కేక వేశాడు, బుట్ట ఒక చేత్తో, లుంగీ ఒక చేత్తో పట్టుకొని ఒంటికాలి మీద ఎగిరి లోపలి నేల మీద పడ్డాడు. పండ్లు వసారా అంతా దొర్లాయి.

“బావా! మనిషిని చూడను పిలిచినావా, కాల్చను పిలిచినావా? మెట్టుండాదా, పెనముండాదా అది?”

“మీ కడప బండేప్పా అది. పుట్టింటి వాణ్ణి గుర్తుపట్టి ముద్దు పెట్టుకుంది,” అన్నాను పండ్లు ఏరుతూ.

మా గడప ముందు మెట్టు ఒకే కడప నల్లబండ. నాయన చేత్తో పరిచింది. పడమటి ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. మరి ఇన్నేళ్లూ ఇలా ఎవరూ ఎగరలేదేం? ఏరుతున్న పండు చేతిలోనే ఉంది, నాకు తట్టింది. ఎండాకాలం పదకొండు కాగానే అమ్మ ఒక గోనెపట్ట తడిపి ఆ మెట్టు మీద పరుస్తుంది. ఎండగానే మళ్లీ తడుపుతుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. దుమ్ము లోపలికి రాకుండా అనుకునేవాణ్ణి. గ్యాసు బండ తెచ్చేవాడు, పాలామె, ఎవరొచ్చినా దాని మీద కాలు పెట్టే లోపలికి వస్తారు. ఈ మూడు రోజులు అమ్మ మంచంలో ఉంది. గోనెపట్ట తడపాలన్న సంగతే మాకు గుర్తులేదు. అది ఎండి, గాలికి కొట్టుకుపోయి కాలవ గట్టున పడి ఉంది.

పండ్లు వదిలేసి లేచాను. వసారా గోడకు ఇంకా ఆ ఉష్ణమాపకం ఉంది. మేకు నుంచి తీశాను.

“ఏం చేస్తాండావు బావా?”

“నువ్వు కాలు పెట్టిన చోట దీన్ని పెడతాండా. ఇదీ ఎగురుతుందేమో చూద్దాం.”

మెట్టు మీద పడుకోబెట్టి, ఇద్దరం గొంతుకూర్చొని చూశాం. వసారాలో నలభై మూడు దగ్గర ఉన్న ఎర్ర నీళ్లు కదిలాయి. నలభై అయిదు. నలభై ఏడు. బావమరిది గీతలు పైకి చదువుతున్నాడు, వేలంపాటలో లాగా. నలభై తొమ్మిది. ఎర్ర నీళ్లు యాభై ముట్టుకొని, ఇంక పోవడానికి దారిలేక ఆగిపోయాయి. గొట్టం పగులుతుందేమోనని చటుక్కున తీసేశాను.

నాయన తప్పు రాయలేదు. మెప్పు కోసం కూడా రాయలేదు. ఆ ఒక్క రోజు, దాన్ని గోడ మీద నుంచి తీసి ఈ మెట్టు మీద పెట్టాడు. కానీ ఎందుకు?

లోపలికి పోయాను. అమ్మ మంచం మీద లేచి కూర్చుని మా సందడంతా విన్నట్టుంది. నా చేతిలో ఉన్నది చూసింది.

“మెట్టు మీద పెట్టినావా?” అంది.

“నీకు తెలుసా?”

“తెలీకేం? నా కళ్ల ముందరే కదా పెట్టింది ఆయన.”

“మరి ఇన్నేళ్లు చెప్పలేదేమ్మా?”

“యాభై అని చెప్పినా. అది అబద్ధమా?”

“యాడ యాభై అనేది చెప్పలేదు కదా!”

“ఎవరన్నా అడిగినారా?” అంది, మామిడిపండు ఒకటి చేతిలోకి తీసుకొని వాసన చూస్తూ. తర్వాత నెమ్మదిగా చెప్పింది. మా వీధి మొత్తానికి తెలిసిన కథలో ఎవరికీ తెలియని ముక్క అది.

బస్సు దిగి నడవడం మొదలు పెట్టిన కాసేపటికే చెప్పు తెగింది. ఒక్క చెప్పుతో నడవలేక రెండోది కూడా విడిచేసింది. తారు మీద, కంకర మీద, నన్ను ఎత్తుకొని అలాగే నడిచింది. ఆసుపత్రిలో నాకు మందు పోయించి, ఇంటికి వచ్చి ఈ మెట్టు మీద కాలు పెట్టేసరికి ఇంక తట్టుకోలేకపోయింది. దారంతా ఏడవని మనిషి తన ఇంటి మెట్టు మీద ఏడ్చింది. నాయన బయటికి వచ్చి నన్ను అందుకున్నాడు, ఆమెను మంచం మీద కూర్చోబెట్టి అరికాళ్లు చూశాడు. బొబ్బలు.

“గోడ మింద నుంచి దాన్ని తీసి, మెట్టు మింద పెట్టి, దాని ముందర కూర్చున్నాడు. బండ మింద పెడితే ఎక్కువ చూపిస్తాది కదయ్యా, డాక్టరు నీడలో పెట్టమన్నాడు కదా, అని నేనే అంటి. దానికి ఆయన ఏమన్నాడో తెలుసునా? ‘నువ్వు నడిచింది నీడలోనా?’ అన్నాడు.”

బావమరిది గడప దగ్గర నిలబడి తన అరికాలు తడుముకుంటున్నాడు.

“చెప్పు తెగిందని ఎప్పుడూ చెప్పలేదేమ్మా?”

“చెప్పు తెగిందంటే ఎవరన్నా గొప్పనుకుంటారా? అయ్యో పాపం అంటారు. యాభై అంటే నోరు తెరుస్తారు. నాకు నోరు తెరిచేవాళ్లే కావల్ల.” నవ్వింది. “మరుసటి దినం నుంచే ఆ గోనెపట్ట. మీ నాయనే తడిపి పరిచినాడు. ఇంకెవరూ ఆ మెట్టు మింద ఏడ్సకూడదని. తొమ్మిది దినాలు నన్ను మంచం దిగనీల్యా. వంట ఆయనే, నీళ్లు ఆయనే, నీ గుడ్డలు ఉతికింది కూడా ఆయనే. ఇంగ డిగ్రీలు రాసేదానికి తీరిక యాడుండాది?”

తొమ్మిది ఖాళీ గళ్లు! ఏడాదిగా నన్ను వేధించిన ఖాళీ అది. నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. అయితే నేను ఊరికే జోకర్ని కాను. అమ్మ నోట్లోంచి ఏం జారిందో అప్పుడే పట్టుకున్నాను.

“అమ్మా, పందెం గుర్తుందా? ఆ పొద్దు ఎండ కంటే ఎక్కువ కాస్తే కూలరు ముందర కూర్చుంటానన్నావు.”

“అన్నా.”

“ఇదో, ఈ పొద్దు యాభై. అదే మెట్టు, అదే గొట్టం.”

“సమానమైనాది. ఎక్కువ యాడైనాది?”

“యాభై పైన గీత లేదమ్మా! యాడికి పోతాది?”

“అది నన్నడిగితే? గీతలు పెట్టినోణ్ణి అడుగు.” బావమరిదికి సైగ చేసింది. “నువ్వు చెప్పప్పా. సమానమంటే గెలుపా?”

“కాదత్తా,” అన్నాడు వాడు. ముగ్గురాయి లోడు కంటే బరువైన మోసం.

“సరే,” అన్నాను. “గెలుపు కాదు. సమానం. ఎండ సమానమైతే అన్నీ సమానం కావల్ల కదా. ఆ పొద్దు యాభై చూసినాక నాయన ఏం చేసినాడు? తొమ్మిది దినాలు నీడ. ఇది నేను పెట్టిన రూలు కాదు, ఆయన పెట్టింది. క్యాలెండర్లో ఉండాది, కావాలంటే ట్రంకు తెరిచి చూద్దాం.”

అమ్మ నోరు తెరిచింది. మా అమ్మ మాటకు అడ్డం పడటం నా జీవితంలో అదే మొదలు. మంచం కిందికి చూసింది, మామిడిపండు వైపు చూసింది. నా భార్య తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకుంది.

“తొమ్మిదే,” అంది చివరికి. “పదో దినం నేను మిద్దె ఎక్కుతా.”

పదో దినానికి రోహిణి కార్తె దాటుతుంది, సాయంత్రాలు కొంచెం గాలి తిరుగుతుంది. ఆ తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఒప్పేసుకున్నాను.

“ఇంగొకటి. మీ నాయన వంట చేసినాడు.”

“నేను చేస్తే అందరూ ఆసుపత్రిలో ఉంటారమ్మా.”

“అయితే గోనెపట్ట నువ్వు తడపల్ల. దినామూ రెండింటికి చూసి రాయల్ల. ఖాళీ పెడితే నేను లేచేస్తా.”

ఆ తొమ్మిది రోజులు నేను రోజూ పదకొండుకు ఎక్కడ పనిలో ఉన్నా బండి వేసుకొని ఇంటికొచ్చి గోనెపట్ట తడిపాను. రెండింటికి మళ్లీ వచ్చి అంకె రాశాను. గ్యాసు తెచ్చేవాడు మెట్టెక్కుతూ, “ఏమన్నా, ఈ పని నీకొచ్చినాదా?” అన్నాడు. వచ్చింది అన్నాను. కూలరు ముందర మంచం మీద అమ్మ పడుకొని, నా భార్య మిద్దె మీద నుంచి తెచ్చి చూపించిన ఊరమిరపకాయల్లో ఒక్కొక్క దానికీ వంక పెట్టింది. నాలుగో రోజు సాయంత్రం కడప మళ్లీ ముందు వచ్చింది. ఫోను మోగింది.

“బావా, ఈ పొద్దు మేమే.”

“మెట్టు మీద కొలిసినారా, గోడ మీద కొలిసినారా?” అన్నాను. అటు నుంచి నవ్వు.

పెన్సిలు క్యాలెండరు పక్కనే దారంతో కట్టి ఉంచాను. నిన్న, తొమ్మిదో రోజున, రెండింటికి వసారాలోకి పోయి, కడవ పైన మేకుకు తగిలించి ఉన్న దాన్ని చూశాను. నలభై రెండు. గడిలో రాశాను. అదే గడిలో నా భార్య గ్యాసు బుక్ చేసిన గుర్తుగా ఒక చుక్క పెట్టి ఉంది.

“ఎంత?” అని లోపలి నుంచి అమ్మ గొంతు.

“నలభై రెండు.”

“నీడలోదేనా?”

“నీడలోదేమ్మా.”

“అయితే మెట్టు మింద గోనెపట్ట ఎండినాదేమో చూడు,” అంది. చూశాను. అంచులు ఎండిపోతున్నాయి. చెంబు తీసుకున్నాను.